ఆయన పాదానికి దెబ్బ, నా కాళ్లకు బంధమా?

చెన్నై వేళచ్చేరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. పుట్టిల్లు గూడూరు, పెళ్లయ్యాక చెన్నై. వయసు 45, బ్యాంకు ఉద్యోగం. భర్త ఐటీ కంపెనీలో మేనేజరు. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడాది. అత్తగారు వీళ్లతోనే ఉంటారు.

ఆరేళ్ల కిందట భర్తకు షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పడంతో ఆయన నడక మొదలుపెట్టారు. నడక పరుగైంది. బెసంట్ నగర్ బీచ్‌లో ఆయన పరుగెత్తుతుంటే ఈవిడ ఏడాదిపాటు బెంచీ మీద కూర్చుని ఆయన సంచీకి, నీళ్ల సీసాకి కాపలా కాశారు. ఒకరోజు ఆయనే లేపి, "ఆ రెండో కరెంటు స్తంభం దాకా పరుగెత్తు, మూడోదాని దాకా నడువు" అన్నారట. అలా మొదలైన మనిషి ఇప్పుడు 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్లు కొన్ని పూర్తి చేశారు. తెల్లవారుజామున మూడున్నరకే లేచి తిరువాన్మియూరు నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పరుగెత్తి, ఏడు గంటలకల్లా ఇంట్లో ఇడ్లీ వేస్తున్నారు.

జూలైలో మారిషస్‌లో సముద్రం పక్కన జరిగే మారథాన్‌కి వీళ్ల రన్నింగ్ గ్రూపు నుంచి ఎనిమిది మంది పేర్లిచ్చారు. భార్యాభర్తలిద్దరూ 42 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కే. టిక్కెట్లు, హోటలు అన్నీ అయిపోయాయి. ఈవిడ వాటా డబ్బు ఆఫీసులో చీటీ పాడుకుని కట్టారు. అంతలో ఏప్రిల్ నెలాఖరున ఆయనకు పాదం నొప్పి మొదలైంది. ఎంఆర్ఐ తీస్తే ఎముకలో సన్నని చీలిక, స్ట్రెస్ ఫ్రాక్చర్. జూలై దాటేదాకా పరుగు మాటే ఎత్తొద్దన్నారు.

"ఈసారికి ఇద్దరం మానేద్దాం, వచ్చే ఏడాది కలిసి వెళ్దాం" అన్నారాయన. "మీరూ రండి, నేను పరుగెత్తుతాను, మీరు చూద్దురుగాని" అన్నారీవిడ. "నీ వెనక సంచీ మోసుకు తిరగడమా? నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అని ఆయన విసురుగా లేచిపోయారు. ఆ రోజు నుంచి మాటలు పొడిపొడిగా ఉన్నాయి. గ్రూపు వాట్సాప్‌లోంచి ఆయన బయటికి వచ్చేశారు. ఈవిడ అలారం మోగితే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. అత్తగారికి మాత్రం బ్యాంకు వాళ్లు ట్రైనింగ్‌కి పంపుతున్నారని ఇద్దరూ కలిసి ముందే చెప్పి పెట్టారు. గ్రూపులో ఒకావిడ "నువ్వు వెనక్కి తగ్గితే మన ఆడవాళ్లందరికీ తలవంపులు" అంటున్నారు. ఇంకొకాయన "నొప్పులకి భయపడకు, ఆ రోజు పొద్దున్నే రెండు పెయిన్ కిల్లర్లు వేసుకో, చాలు" అన్నారు. ఇప్పటిదాకా ఈవిడ ఎక్కువలో ఎక్కువ పరుగెత్తిన దూరం 24 కిలోమీటర్లు. ఇంకా ఎనిమిది వారాల సమయం ఉంది. చివరి పేజీ అడుగున, వేరే రంగు పెన్నుతో ఇరికించిన ఒక వాక్యం: "ఈమధ్య నెలసరి బాగా ఎక్కువగా అవుతోంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది, వయసు కదా."

ఆవిడ ప్రశ్న ఇది: "నేను వెళితే స్వార్థపరురాలినా? మానేస్తే జన్మంతా కుమిలిపోతానా?"

*

మీరు చివర్లో ఇరికించిన వాక్యంతోనే మొదలుపెడతాను. ఉత్తరమంతా చదివాక నాకు మీ ఆయన అలక కంటే ఆ వాక్యమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

24 కిలోమీటర్లు పరుగెత్తగలిగిన మనిషికి రెండంతస్తులు ఎక్కితే ఆయాసం రాకూడదు. వస్తోందంటే దాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. నలభై దాటాక నెలసరి ఎక్కువ కావడం చాలామందిలో ఉన్నదే. దానితో రక్తం పోతుంది, రక్తంతో ఐరన్ పోతుంది. పైగా దూరాలు పరుగెత్తేవాళ్లకు పాదం నేలను గుద్దిన ప్రతిసారీ కొన్ని ఎర్ర రక్తకణాలు చితుకుతాయి, చెమటలో కూడా కొంత ఐరన్ పోతుంది. ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే నిల్వలు చడీచప్పుడు లేకుండా అడుగంటుతాయి. ఆడవాళ్లలో హీమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. అది 12 పైనే ఉండి, నిల్వలను చూపించే ఫెరిటిన్ మాత్రం అట్టడుగున ఉండటం కూడా మామూలే. కాబట్టి ఒక్క హీమోగ్లోబిన్ చూపించుకుని 'నార్మల్' అని కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకోవద్దు. ఫెరిటిన్, థైరాయిడ్ కూడా చేయించండి. గైనకాలజిస్టుకి చూపించుకోండి. ఫుల్ మారథాన్ తలపెట్టిన 45 ఏళ్ల మనిషికి ఆయాసం అంటే గుండె డాక్టర్‌ని ఒకసారి కలిసి ఈసీజీ, ఆయన అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవడం కూడా న్యాయమే. ఒకటి రెండు పూటల్లో అయ్యే పని. ఈ వారంలోనే చేయించండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మీరు వేసుకుంటున్న లెక్కలన్నీ మీ ఒళ్లు బాగుందన్న నమ్మకం మీద నిలబడ్డాయి. వెళ్లాలా, మానాలా, స్వార్థమా, త్యాగమా అని నెల రోజులుగా మథనపడుతున్నారు. రేపు రిపోర్టులో ఫెరిటిన్ పాతాళంలో ఉందని తేలితే సగం ప్రశ్నలకు అదే జవాబు చెప్పేస్తుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక ఒంట్లో ఓపిక కొన్ని వారాల్లో మెరుగుపడవచ్చు గాని, నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది. ఎనిమిది వారాల్లో 42.195 కిలోమీటర్లకు సరిపడా అవుతుందన్న ధీమా ఏ డాక్టరూ ఇవ్వరు. రిపోర్టు బాగుంటే మిగతా మాటలు నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు.

ఇక మీ ఆయన సంగతి.

ఆయన మిమ్మల్ని ఆపుతున్నారని మీరు రాశారు. నేను రెండుసార్లు చదివాను. "వెళ్లొద్దు" అన్న మాట ఆయన ఎక్కడా అన్నట్టు లేదు. "మానేద్దాం" అన్నారు, "కలిసి వెళ్దాం" అన్నారు. ఆ తర్వాత అలిగారు. ఆపడం వేరు, అలగడం వేరు. ఆపే మనిషితో పోట్లాడొచ్చు. అలిగిన మనిషితో పోట్లాడితే ఇంకా ముడుచుకుపోతాడు.

ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. పరుగు ఆయనకు సరదాగా దొరికింది కాదు, మందు చీటీ మీద దొరికింది. షుగర్ బోర్డర్‌లో ఉందన్న రోజున మొదలైంది. ఆరేళ్లుగా దాన్ని దూరంగా ఉంచింది ఆ తెల్లవారుజాము పరుగేనని ఆయన గట్టిగా నమ్ముతూ ఉండుంటారు. ఇప్పుడు అది ఆగిపోయింది. పొద్దున్న కాఫీ దగ్గర ఆ చెంచా చక్కెర చూసినా లోపల గుబులు పుడుతూ ఉండొచ్చు. ఆయన అది పైకి చెప్పరు. "నాకు భయంగా ఉంది" అనడం కంటే "నాకేం పనీపాటా లేదనుకున్నావా" అనడం మన మగవాళ్లకు చాలా సులువు. దానికి తోడు స్నేహితులు పోయారు. ఆ గ్రూపులో ఆయన మీకంటే పాతకాపు. ఇప్పుడు ఆ ఏడుగురూ ఈసీఆర్ మీద ఉంటే ఆయన మంచం మీద ఉన్నారు. వాట్సాప్‌లోంచి వెళ్లిపోయింది మీ మీద కోపంతో అయి ఉండకపోవచ్చు, రోజూ పొద్దున్నే ఆ చెమట ఫొటోలు చూడలేకే అయి ఉండొచ్చు.

ఇది మీరు అడిగి తేల్చుకోవాల్సిన విషయం. "షుగర్ చూపించుకుని ఎన్నాళ్లయింది, ఈ శనివారం వెళ్దామా?" అని అడగండి. మారథాన్ ఊసు ఎత్తకుండా ఆ ఒక్కటే అడగండి. మీ రక్తపరీక్ష కూడా ఉంది కదా, ఇద్దరూ ఒకే ల్యాబ్‌కి వెళ్లొచ్చు. ఫిజియోథెరపిస్టుని అడిగితే పాదం మీద బరువు పడకుండా ఏం చేయొచ్చో చెప్తారు. చాలామందికి ఈతకు, నీళ్లలో పరుగుకు, కొన్ని రోజుల తర్వాత సైకిలుకు అనుమతిస్తారు. పరుగెత్తొద్దు అంటే కదలొద్దు అని కాదన్నది ఆయనకు ఎవరైనా విడమరిచి చెప్పారా అని నా అనుమానం.

ఇంత చెప్పానని, ఆయన దిగులుకి మీరు జరిమానా కట్టాలని మాత్రం అనుకోకండి. ఆయన పాదంలో చీలిక మీ వల్ల రాలేదు. మీరు ఇంట్లో కూర్చుంటే అది ఒక్కరోజు ముందు అతుక్కోదు.

సంచీ మాటకు వస్తాను. ఏడాదిపాటు బెసంట్ నగర్ బెంచీ మీద మీరు మోసింది కూడా సంచీయే. అప్పుడది మీకు నామోషీ అనిపించలేదు. ఆయనకూ అది వింతగా తోచలేదు. అదే సంచీ ఇప్పుడు చేతులు మారేసరికి అంత బరువెక్కింది. ఇది ఆయనకు తెలియాలి. అయితే పోట్లాట మధ్యలో విసిరితే ఎత్తిపొడుపు అవుతుంది, మీరు గెలుస్తారు గాని ఆయన వినరు. ఇద్దరూ మామూలుగా ఉన్న పూట, బీచ్‌కి నడకకు వెళ్లినప్పుడో, డాబా మీద కూర్చున్నప్పుడో "ఏడాదిపాటు మీ సంచీ పట్టుకుని కూర్చున్నాను, నాకు చాలా బాగుండేది" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. రెండోసారి చెప్పొద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీరు రాసినట్టు వెళ్లడం, మానడం అని రెండే లేవు.

ఇద్దరూ మానేయడం ఒక దారి. రిపోర్టు బాగాలేకపోతే ఇదే సరైనది, అప్పుడు ఎవరి మీదా నింద ఉండదు. రిపోర్టు బాగుండి కూడా ఆయన కోసమే మానేస్తే ఇల్లు కొన్ని రోజులు ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత జూలైలో గ్రూపు వాళ్లు ఫొటోలు పెడతారు. ఆ ఆదివారం మీ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీరు ఏమీ అనరు. కూరలో ఉప్పెక్కువైందని ఆయన అంటే మాత్రం పేలిపోతారు. 'వచ్చే ఏడాది కలిసి' అన్న మాటను కూడా కొంచెం తూచి చూడండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటుంది, కొన్ని ఎముకల్లో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత ఆయన నడక దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఏడాదిలో ఫుల్‌కి సిద్ధం కావడం అసాధ్యమేమీ కాదు. కానీ ఆ మాట మీద తొందరపడి దూరాలు పెంచితే రెండోసారి చీలే ప్రమాదం ఉంది. మీరు ఒకటి వదులుకున్నారన్న బరువు ఆయన మీద ఉంటే తొందరపడటం ఖాయం. మీ త్యాగం ఆయన పాదానికి మంచిది కాకపోవచ్చు.

గ్రూపుతో మీరొక్కరే వెళ్లడం ఇంకో దారి. ఇందులో తప్పేమీ లేదు. మీ డబ్బు, మీ శ్రమ, పక్కన తెలిసిన మనుషులు. కొడుకు పెద్దవాడు. కానీ మాటలు పొడిపొడిగా ఉండగా విమానం ఎక్కితే, మీ మొదటి ఫుల్ మారథాన్ పొడుగునా ఆ గోడవైపు తిరిగిన వీపే కనబడుతుంది. 30 కిలోమీటర్లు దాటాక మనసులో ఏది మిగిలి ఉంటే అదే పైకి వస్తుందని ఫుల్ పరుగెత్తినవాళ్లంతా చెప్తారు. ఒంటరిగా వెళ్లాలనుకుంటే ఆయన 'సరే' అనకపోయినా ఫర్వాలేదు గాని, ఆయన ఎందుకు రావడం లేదో మీకు ఆయన నోటితో తెలిసి ఉండాలి.

ఇద్దరూ వెళ్లి, మీరొక్కరే పరుగెత్తడం మూడోది. మీరు ఇది ఇదివరకే అడిగారు, బెడిసికొట్టింది. అడిగిన తీరు మార్చి చూడొచ్చు. "మీరు చూద్దురుగాని" అంటే ఆయనకు ప్రేక్షకుడి కుర్చీ వేసినట్టయింది. ఆయన ఆ దీవికి వెళ్లడానికి పరుగుతో సంబంధం లేని కారణం ఏదైనా ఉందా? మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, వాహనాలు మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి. పాదం బాగుంటే కారు అద్దెకు తీసుకుని ఆయన తన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి మన దేశపు కూలీలు చెరకు తోటల కోసం ఓడ దిగిన చోటు అది. పరుగు రోజున ఆయన మీకు నీళ్లు అందించాలని పట్టుబట్టకండి. సాయంత్రం కలిసి భోంచేస్తే చాలు. ఇలా వెళ్లిన భర్తలు చివరికి ఫినిష్ గీత దగ్గర అందరికంటే గట్టిగా అరుస్తూ కనబడటం కూడా ఉంది, కానీ దాన్ని లెక్కలో వేసుకుని వెళ్లొద్దు.

నాలుగోది హాఫ్‌కి మారడం. నన్నడిగితే నా మొగ్గు కొంచెం ఇటే. దానికి కారణం ఆయన కాదు, మీ 24 కిలోమీటర్లు. ఎనిమిది వారాల్లో చివరి రెండు మూడు వారాలు దూరం తగ్గించుకుంటూ రావాలి. మిగిలేది అయిదారు వారాలు. అందులో 27, 30, 32 అని ఎక్కాలి, మధ్యలో ఒక వారం ఊపిరి పీల్చుకోవడానికి తగ్గించాలి. అన్నీ సవ్యంగా జరిగితే సరిపోతుంది. ఒక జ్వరం వచ్చినా, ఆఫీసులో క్వార్టర్ ముగింపు పని మీద పడినా, నెలసరి ఓ వారం పడుకోబెట్టినా సరిపోదు. హాఫ్ అయితే మీరు ఇప్పుడే సిద్ధం, ఆ తీరాన్ని తలెత్తి చూస్తూ పరుగెత్తగలరు. అయితే హాఫ్‌కి మారితే "ఆయన కోసం తగ్గాను" అన్న మాట మీ లోపల పుట్టకుండా చూసుకోవాలి. అలా పుడుతుందనుకుంటే, రిపోర్టు బాగుంటే, ఫుల్ పరుగెత్తడమే మేలు. ఇది మీకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి.

ఫుల్‌కే వెళ్తే ఆ పరుగు గురించి కొన్ని మాటలు. మీ ఉత్తరంలో నీలం నీళ్లు, లె మార్న్ కొండ, పగడపు దిబ్బల మీద విరిగే తెల్లటి అలల గురించి ఒక పేజీ ఉంది గాని గాలి గురించి ఒక్క ముక్క లేదు.

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, జూలై అక్కడ శీతాకాలం. ఉష్ణమండల దీవి అనగానే మనకు ఉక్కపోత గుర్తొస్తుంది కానీ ఆ నెలలో తీరం దగ్గర పగలు 24, 25 డిగ్రీలు దాటడం తక్కువ. మీరేమో ఇప్పుడు చెన్నైలో అగ్నినక్షత్రం ఎండల్లో తయారవుతున్నారు. పొద్దున నాలుగింటికే చొక్కా పిండితే నీళ్లు కారే ఊరు మనది. అందుకు తగ్గట్టు మీ ఒళ్లు మారిపోయి ఉంటుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అక్కడి చల్లదనంలో మొదటి పది కిలోమీటర్లు మీకు కాళ్ల కింద నేల ఉన్నట్టే తెలియదు. చిక్కంతా అక్కడే. చెన్నైలో కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు తీసుకునే మనిషి అక్కడ ఆరున్నరలో వెళ్లిపోతూ 'ఇవాళ నాకు భలే ఉంది' అనుకుంటారు. 32 దగ్గర పిక్కలు పట్టేస్తాయి. మొదటి సగం వాచీ మాట వినండి, ఒంటి మాట వినొద్దు.

గాలి సంగతి. ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు గట్టిగా వీస్తాయి. దక్షిణ తీరం దానికి ఎదురుగా ఉంటుంది. పడమటికి వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసిన గాలే, తూర్పుకి తిరిగాక ముఖం మీద కొడుతుంది. మీ పరుగు దారి మ్యాపు తీసి ఏ కిలోమీటరు దగ్గర ఎటు తిరుగుతున్నారో చూసి పెట్టుకోండి. ఎదురుగాలిలో ముగ్గురు నలుగురి గుంపు వెనక దూరి పరుగెత్తడానికి మొహమాటపడొద్దు. ఇంకోటి, ఆ గాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. అందుకని నీళ్లు మరిచిపోయేవాళ్లు కొందరైతే, భయపడి ప్రతి స్టాల్ దగ్గరా కడుపు నిండా తాగేవాళ్లు ఇంకొందరు. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకు రెండోదే ఎక్కువ ప్రమాదం, తాగిన నీళ్లకు రక్తంలోని ఉప్పు, అంటే సోడియం, పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గిపోయింది. నాలుగు గంటలు పైబడి పరుగెత్తినవాళ్లు, పరుగులో తాగి తాగి బరువు పెరిగినవాళ్లు వాళ్లలో ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగండి, ఉప్పు కలిసినవి కూడా తీసుకోండి.

ఆ పెయిన్ కిల్లర్ సలహా ఇచ్చినాయన మాట ఈ ఒక్క విషయంలో వినొద్దు. ఒళ్లు ఎండిపోతున్నప్పుడు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది, సోడియం తగ్గే ముప్పు కూడా పెరుగుతుంది. పైగా నొప్పి అనేది ఎముక మనకు పంపే కబురు. మీ ఆయన పాదం కూడా చీలడానికి ముందు కొన్ని వారాలు ఆ కబురు పంపే ఉంటుంది.

'ఆడవాళ్లందరికీ తలవంపులు' అన్న స్నేహితురాలి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. 45 ఏళ్ల మనిషి ఫెరిటిన్ చూసుకుని దూరం మార్చుకుంటే ఏ ఆడదానికీ తలవంపులు రావు. ఆవిడకి నవ్వి ఊరుకోండి.

అత్తగారి సంగతి మాత్రం కాస్త ఆలోచించండి. బ్యాంకు ట్రైనింగ్ అని ఇద్దరూ కలిసి అల్లిన అబద్ధం ఇప్పుడు మీ ఒక్కరి నెత్తిన పడింది. మీరు వెళ్లి ఆయన ఉండిపోతే, అల్లిన వాళ్లలో ఒకరు ఇంట్లోనే ఆవిడ ఎదురుగా ఉంటారు. రోజూ అన్నం వడ్డిస్తూ ఆవిడ ఆరా తీస్తారు. మెడలో పతకంతో దిగిన ఫొటో ఏదో ఒక బంధువుల గ్రూపులోంచి ఆవిడ ఫోన్‌కి చేరకుండా ఉండదు. బ్యాంకు ట్రైనింగ్‌లో పతకాలిస్తారని నమ్మేంత అమాయకురాలు అయితే తప్ప బండారం బయటపడుతుంది. నిజం చెప్పేయండి. "పరుగెత్తడానికి దేశాలు పట్టి పోవడమేమిటి" అని రెండు రోజులు సణుగుతారు. అప్పుడు ఆ దేశంలో ఉగాదికి సర్కారు సెలవు ఇస్తారని, కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన మన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు అక్కడ గుళ్లు కట్టుకుని ఉన్నారని చెప్పండి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఆవిడ కూడా వస్తానంటే మాత్రం నన్ను తిట్టుకోకండి.

స్వార్థమా అని అడిగారు. చీటీ పాడి, మూడున్నరకి లేచి, ఏడింటికి ఇడ్లీ వేసి, అయిదారేళ్లలో మీకంటూ కావాలనుకున్న మొదటి సంగతి ఇదే అయితే, దానికి ఆ పేరు నేను పెట్టను. మానేస్తే జన్మంతా కుమిలిపోతారా అంటే, రిపోర్టు చూసి మానేస్తే కుమిలిపోరు. ఎవరో అలిగారని మానేస్తే చాలా ఏళ్లు గుర్తుంటుంది.

ఈ వారం మూడు పనులు పెట్టుకోండి. రక్తపరీక్ష ఒకటి. ఆయన షుగర్ సంగతి అడగడం ఇంకొకటి. ఫుల్ నుంచి హాఫ్‌కి మార్చుకోవడానికి వీలుందా, ఉంటే ఏ తేదీ దాకా, ఎంత కట్టాలి, ఫుల్ పూర్తి చేయడానికి గడువు ఎన్ని గంటలు అని నిర్వాహకులకు మెయిల్ రాయడం మూడోది. జవాబులో వచ్చిన తేదీని ఫ్రిజ్ మీద క్యాలెండర్లో గుర్తు పెట్టండి, ఆయనకూ కనబడేలా. అంతకు ముందు శని, ఆదివారాల్లో ఏదో ఒక పూట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.